గుండు లేని గురి

అక్షరములు నేర్చు బాలుని చేతికి మనము మొదట ఇచ్చునది పలక. ఉర్దూ దస్తూరి దిద్దువారికి అదియే తఖ్తీ. వ్రాయుట, తుడుచుట, మరల వ్రాయుట. ఇందు కాగితము ఖర్చు కాదు, తప్పు మిగిలిపోదు, చేయి మాత్రము కుదురును. పిస్తోలు గురి నేర్చువానికి కూడ ఇట్టి పలక యొకటి కలదు. దానిని మన క్రీడాకారులు డ్రై ప్రాక్టీసు అందురు. అనగా గుండు వేయకుండ, ఖాళీ పిస్తోలుతో, ఇంటిలో గోడ యెదుట చేయు అభ్యాసము.

నేను విద్యార్థిగా ఎన్.సి.సి. శిబిరమున మొదటిసారి .22 రైఫిలు పట్టిన దినము ఇప్పటికిని జ్ఞాపకమున్నది. ఐదు గుండ్లలో ఒకటియు నల్లచుక్కను తాకలేదు. తుపాకి మంచిది కాదని తలచితిని. హవల్దారుగారు ఏమియు అనక, నాకు తెలియకుండ ఖాళీ తుపాకి చేతికిచ్చి కాల్చుమనిరి. ట్రిగ్గరు లాగితిని. ప్రేలుడు లేదు, కాని గొట్టపు కొన బెత్తెడు క్రిందికి వంగినది! చప్పుడు వచ్చునను భయముతో నేనే దానిని వంచుచుంటిని. గుండు ప్రేలినపుడు ఆ చప్పుడు నా తప్పును కప్పివేసెను. గుండు లేనపుడు అదే తప్పు కంటికి కనబడెను. రైఫిలుకు రెండు చేతులు, భుజము ఆధారము. పోటీ పిస్తోలుకు ఒక్క చేయియే ఆధారము గనుక అచ్చట ఈ పాఠము మరింత ముఖ్యము.

దీనిని లెక్కతో చూతము. 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీలో పది మార్కుల వలయము వ్యాసము 11.5 మిల్లీమీటర్లు మాత్రమే. పిస్తోలుపై వెనుక గాడియు, ముందు మొనయు ఉండును. ఈ రెంటి నడిమి దూరము 300 మి.మీ. అనుకొందము. చేయి వణకి పిస్తోలు మొత్తముగా 5 మి.మీ. ప్రక్కకు జరిగినను, గాడియు మొనయు ఒకే వరుసలో నున్నచో గుండు తప్పునది 5 మి.మీ. మాత్రమే, పది మార్కులు దక్కును. కాని ట్రిగ్గరును గుంజుటవలన మొన గాడి నడుమనుండి ఒక్క మి.మీ. తొలగినచో, 10 మీటర్ల దూరమున ఆ తప్పు 33 మి.మీ. అగును, దక్కునవి ఆరు మార్కులే. చేయి కొంత వణకుట మానవసహజము. మనలను ఓడించునది వణకు చేయి కాదు, తొందరపడు వ్రేలు. ఆ వ్రేలికి బుద్ధి చెప్పుటకు గుండుతో పనిలేదు.

అయితే అభ్యాసమునకు ముందు ఆచరింపవలసిన నియమములు కలవు. వీనిలో దేనిని విడిచినను ఈ విద్య ప్రాణాంతకమగును.

1. పిస్తోలు ఖాళీగా నున్నదని కంటితో చూచి, మరల చూడవలెను. ఇతరులు ఖాళీయని చెప్పిన మాటను నమ్మరాదు.
2. గుండ్లు, పెల్లెట్లు ఆ గదిలో ఉండరాదు. వేరొక గదిలో తాళము వేసి ఉంచవలెను.
3. ఆవల మనుష్యులు తిరుగని గట్టి గోడ వైపే గురి పెట్టవలెను. తలుపు, కిటికీ, పలుచని తడిక పనికిరావు.
4. అభ్యాసము ముగిసినదని పైకి చెప్పుకొని, పిస్తోలును పెట్టెలో పెట్టి తాళము వేయవలెను. "ఇంకొక్కసారి" అను మాటలోనే ప్రమాదమున్నది.
5. పెద్దలకు తెలియకుండ ఈ పని చేయరాదు. .22 పిస్తోలు వంటి వానికి 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు తప్పనిసరి.

ఆయుధమును కూడ తెలిసికొనవలెను. పోటీలకు వాడు ఎయిర్ పిస్తోళ్లలో పెక్కింటికి గాలి వదలకుండ ట్రిగ్గరు మాత్రము పనిచేయు ఏర్పాటు ఉండును. .22 పిస్తోలును వట్టిగా ప్రేల్చినచో లోపలి సూది గొట్టపు అంచును కొట్టి చెరుపవచ్చును గనుక, డమ్మీ తూటా వేసికొనవలెను.

ఇక పద్ధతి. మొదటి వారము చుక్క లేని తెల్లగోడయే చాలును. కాళ్లు భుజముల వెడల్పున ఉంచి, రెండవ చేతిని జేబులో పెట్టి నిలువవలెను. కన్నులు మూసి చేయి చాపి, పిదప తెరచి చూడవలెను. చేయి ప్రక్కకు పోయినచో చేతిని కాక పాదములను సర్దుకొనవలెను. శ్వాసను సగము విడిచి ఆపి, చూపును ముందు మొనపై నిలిపి, వ్రేలిని మెల్లగా వెనుకకు నొక్కవలెను. 'టిక్కు'మన్న క్షణమున మొన కదలినదా లేదా? ఇదియే ప్రశ్న. ఆ తరువాత కూడ రెండు క్షణములు అట్లే నిలువవలెను. పది సెకండ్లలో వ్రేలు కదలనిచో చేయి దించి మరల మొదలుపెట్టుటయే మేలు. రెండవ వారమునుండి గోడపై చుక్క అంటింపవచ్చును. అసలు నల్లచుక్క వ్యాసము 59.5 మి.మీ.; 5 మీటర్ల గదిలో అందు సగము, అనగా సుమారు 30 మి.మీ. చాలును. దినమునకు ఇరువది నిమిషములు, ముప్పదిసార్లు. అలసిన చేతితో చేయు అభ్యాసము తప్పునే నేర్పును. ఎన్నిసార్లు మొన నిలిచినదో పుస్తకమున వ్రాసికొనవలెను.

ఈ పలక ఒక్కటియే చాలునని నేననుట లేదు. పోటీలో 75 నిమిషములలో 60 గుండ్లు కాల్చవలెను. ఆ ఒత్తిడిని, .22 పిస్తోలు ఎదురుదెబ్బను గోడ నేర్పజాలదు. అందులకు రేంజికి పోక తప్పదు. కాని ఇంట తప్పు దిద్దుకొని పోయినవానికి అచ్చటి ప్రతి గుండును సార్థకమగును.

హంగేరీ సైనికుడు కరోలీ తకాచ్ కుడిచేయి 1938లో గ్రెనేడు ప్రేలి దెబ్బతినెను. ఆతడు ఎడమచేతితో మరల మొదటినుండి నేర్చి 1948 లండన్, 1952 హెల్సింకి ఒలింపిక్సులలో ర్యాపిడ్ ఫైర్ పిస్తోలున స్వర్ణములు గెలిచెను. మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో పిస్తోలు విభాగమున ఒక స్వర్ణము, మూడు రజతములు సాధించెను. గురి ఒక చేతికో, ఒక జాతికో, పురుషునికో పరిమితము కాదు.

పిస్తోలు ఖరీదైన వస్తువు. పెక్కుమంది విద్యార్థులు కొనజాలరు. అట్టివారు కిలో నీటి సీసాను చాచిన చేతితో పట్టి నిలుచుట ఇంట అభ్యసింపవచ్చును. కళాశాల సంఘమువారు ఒక ఎయిర్ పిస్తోలు, తాళమున్న ఒక బీరువా, శిక్షణ నెరిగిన ఒక ఉపాధ్యాయుడు, సాయంకాలము ఖాళీగా నుండు ఒక గోడ సమకూర్చినచో, ఇరువదిమంది బాలబాలికలకు పలక ఇచ్చినట్లగును. దిద్దుట మాత్రము విద్యార్థుల వంతు.