లీటరు లెక్క

పాఠ్యభాగ ఉద్దేశం

పెట్రోలు ధర ఎలా ఏర్పడుతుందో, అది పెరిగినప్పుడు బ్రతుకుతెరువు కోసం బండి నడిపేవారిపైన, ఇష్టంతో కారు నడిపేవారిపైన ఎటువంటి ప్రభావం పడుతుందో తెలియజేయడం, అంకెలను ఆలోచనతో చదివే అలవాటును విద్యార్థులలో కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కిలో ఉప్పు ధర ఎంతో ఇంటికి సరుకులు తెచ్చేవారికే తెలుస్తుంది. పెట్రోలు ధర మాత్రం బండి లేనివారికి కూడా తెలుసు. బస్సులోనూ టీకొట్టు దగ్గరా దానిని గురించిన ప్రస్తావన వస్తూనే ఉంటుంది. ఆ ధర ముందు ధనికుడు, పేదవాడు అనే భేదం లేదు. లక్షల విలువ చేసే కారుకైనా, వాయిదాల మీద కొన్న మోటారు సైకిలుకైనా లీటరు ధర ఒకటే. అయితే ధర ఒకటే కావడం వేరు, భారం ఒకటే కావడం వేరు. ఈ భేదాన్ని గ్రహించడమే పెట్రోలు సమస్యను అర్థం చేసుకోవడానికి తొలిమెట్టు.

ముందుగా ఈ ధర ఎలా ఏర్పడుతుందో చూద్దాం. ముడిచమురును ప్రపంచ విపణిలో పీపాల లెక్కన, డాలర్లలో కొంటారు. ఒక పీపా అంటే సుమారు 159 లీటర్లు. మన దేశం తనకు కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాల నుండి దిగుమతి చేసుకుంటున్నది. కాబట్టి చమురు ధర పెరిగినా, డాలరుతో రూపాయి విలువ తగ్గినా మనకు ఖర్చు పెరుగుతుంది. దీనికి శుద్ధి కర్మాగారపు ఖర్చు, రవాణా ఖర్చు, బంకు యజమాని కమిషను తోడవుతాయి. ఆపైన కేంద్ర ప్రభుత్వం లీటరుకు ఇన్ని రూపాయలని ఎక్సైజు సుంకం విధిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వాలు విధించే విలువ ఆధారిత పన్ను ప్రధానంగా శాతం రూపంలో ఉంటుంది. ఎక్సైజు సుంకం కలిసిన మొత్తం మీద ఈ శాతాన్ని లెక్కిస్తారు. అంటే పన్ను మీద మరొక పన్ను పడుతున్నదన్నమాట. అసలు ధర పెరిగితే ఈ పన్ను కూడా దానితోపాటు పెరుగుతుంది. 2017 జూలైలో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు పెట్రోలును, డీజిలును దాని పరిధిలోకి తీసుకురాలేదు.

పూర్వం పెట్రోలు ధరను ప్రభుత్వమే నిర్ణయించేది. 2010 జూన్‌లో పెట్రోలు మీద, 2014 అక్టోబరులో డీజిలు మీద ఆ నియంత్రణ తొలగింది. 2017 జూన్ 16 నుండి దేశమంతటా ప్రతిరోజూ ధరను సవరించే పద్ధతి వచ్చింది. ప్రపంచ ధర పెరిగితే పెరగడం, తగ్గితే తగ్గడం ఈ పద్ధతిలోని సూత్రం. ఆచరణలో మాత్రం పెరుగుదల వచ్చినంత వేగంగా తగ్గుదల రాలేదు. 2020 ఏప్రిల్ 20న, కరోనా కాలంలో, అమెరికా ముడిచమురు ముందస్తు ఒప్పందాల ధర చరిత్రలో మొదటిసారి సున్నా కంటే దిగువకు పడిపోయింది. మరుసటి నెలలోనే మన దేశంలో పెట్రోలు మీద లీటరుకు 10 రూపాయలు, డీజిలు మీద 13 రూపాయలు సుంకం పెరిగింది. రాబడి తగ్గిన కాలంలో ప్రభుత్వానికి ఆ ధనం అవసరమైన మాట నిజమే. అయితే చౌక చమురు వలన కలిగిన లాభం వినియోగదారునికి చేరలేదన్న మాట కూడా అంతే నిజం. 2021 జూన్‌లో హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 100 రూపాయలు దాటింది. 2021 నవంబరులో 5 రూపాయలు, 2022 మేలో 8 రూపాయలు చొప్పున కేంద్రం పెట్రోలుపై సుంకాన్ని తగ్గించింది. ఈ రెండింటి నడుమ, ఉక్రెయిన్ యుద్ధం తరువాత, 2022 మార్చి 22 నుండి ఏప్రిల్ 6 వరకు గడిచిన పదహారు రోజులలో లీటరుకు 10 రూపాయలు పెరిగింది.

ఇప్పుడు ఈ అంకెలు మనుషుల జీవితాలలో ఎలా ప్రవేశిస్తాయో గమనిద్దాం. ఇంటింటికీ భోజనం చేరవేసే ఒక యువకుడు రోజుకు 90 కిలోమీటర్లు తిరుగుతాడనుకుందాం. అతని బండి లీటరుకు 45 కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకు రెండు లీటర్లు కావాలి. లీటరు 75 రూపాయల నుండి 110 రూపాయలకు పెరిగితే రోజుకు 70 రూపాయలు, నెలకు 26 పనిదినాలకు 1,820 రూపాయలు అదనంగా ఖర్చవుతుంది. ఆ సొమ్ము ఇంటి అద్దెలో కొంత భాగం కావచ్చు, చెల్లెలి కళాశాల రుసుము కావచ్చు. చేరవేసిన ప్రతి పొట్లానికీ వచ్చే ప్రతిఫలం పెట్రోలుతో సమానంగా పెరగకపోతే, ఆ లోటును పూడ్చుకోవడానికి అతనికి మిగిలిన మార్గం ఒక్కటే. అది ఇంకా ఎక్కువ గంటలు బండి నడపడం. ఎక్కువ గంటలు నడిపితే మళ్ళీ ఎక్కువ పెట్రోలు కావాలి.

మరొక వ్యక్తిని ఊహిద్దాం. ఆయనకు కార్లంటే ప్రాణం. శక్తిమంతమైన యంత్రం గల ఆయన కారు లీటరుకు 12 కిలోమీటర్లు మాత్రమే నడుస్తుంది. ఆదివారం నాడు 240 కిలోమీటర్లు తిరిగి వస్తే 20 లీటర్లు ఖర్చు. అదే ధరల పెరుగుదల వలన ఆయనకు ఆ ఒక్కరోజే 700 రూపాయలు అదనంగా ఖర్చవుతుంది. అంకె రూపంలో చూస్తే ఆ యువకుడు పదిరోజులలో మోసే భారాన్ని ఈయన ఒక్కరోజులో మోస్తున్నాడు. అయినా ఈయనకు ఒక స్వేచ్ఛ ఉంది. వచ్చే ఆదివారం కారును ఇంట్లోనే ఉంచవచ్చు. సోమవారం నాడు బండిని ఇంట్లో ఉంచే స్వేచ్ఛ ఆ యువకునికి లేదు.

ధర ఎంత పెరిగినా కొనుగోలు పెద్దగా తగ్గని స్థితిని అర్థశాస్త్రంలో అవ్యాకోచ డిమాండు అంటారు. పెట్రోలు విషయంలో స్వల్పకాలంలో ఇదే జరుగుతుంది. ఇల్లు ఒకచోట, ఉద్యోగం మరొకచోట ఉన్నవాడు ధర పెరిగిందని రేపటికల్లా ఇల్లు మార్చలేడు. కొన్న బండిని మార్చలేడు. బస్సు రాని ఊరికి బస్సును రప్పించలేడు. కాబట్టి అతడు పెట్రోలు తగ్గించుకోడు, మరొక అవసరాన్ని తగ్గించుకుంటాడు.

ఈ భారం దేశానికీ దేశానికీ కూడా మారుతుంది. 2022 జూన్‌లో అమెరికాలో పెట్రోలు సగటు ధర మొదటిసారి గాలనుకు 5 డాలర్లు దాటింది. గాలను అంటే సుమారు 3.8 లీటర్లు. నాటి మారకపు విలువ ప్రకారం అది లీటరుకు 100 రూపాయల పైచిలుకు. అదే నెలలో హైదరాబాదు ధర దాదాపు 110 రూపాయలు. ధరలు రెండూ ఇంచుమించు సమానమే. కాని నాడు అమెరికా సమాఖ్య కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. ఒక గంట కూలితో అక్కడి కార్మికుడు ఐదు లీటర్లకు పైగా కొనగలడు. అదే సంవత్సరం మన తెలుగు రాష్ట్రాలలో ఉపాధి హామీ పథకం దినకూలి 257 రూపాయలు. ఒక పూర్తి దినం కూలితో కొనగలిగింది రెండున్నర లీటర్ల లోపే.

ధరల పెరుగుదల కార్ల స్వరూపాన్నే మార్చిన సందర్భం కూడా ఉంది. 1973 అక్టోబరులో అరబ్బు, ఇజ్రాయెల్ దేశాల మధ్య యుద్ధం వచ్చినప్పుడు అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఎగుమతిని నిలిపివేశాయి. సుమారు 3 డాలర్లుగా ఉన్న పీపా ధర 1974 ఆరంభానికి 12 డాలర్ల దరిదాపులకు చేరింది. అమెరికాలో బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1974లో దేశమంతటా గరిష్ఠ వేగాన్ని గంటకు 55 మైళ్ళకు, అంటే సుమారు 88 కిలోమీటర్లకు పరిమితం చేశారు. ఆ వేడి మన దేశాన్నీ తాకింది. 1973 నవంబరులో అటల్ బిహారీ వాజపేయి ధరల పెంపునకు నిరసనగా ఎడ్లబండిపై పార్లమెంటుకు వచ్చారు.

నాటి అమెరికా యువకులకు పెద్ద యంత్రం, పెద్ద వేగం గల మజిల్ కార్లంటే ఎనలేని మోజు. 1964లో వచ్చిన పోంటియాక్ జీటీవో ఆ కోవకు పేరు తెచ్చింది. కాలుష్య నియంత్రణ చట్టాలు, పెరిగిన బీమా రుసుములు అప్పటికే వాటిని దెబ్బతీశాయి. చమురు సంక్షోభం ఆ పని పూర్తిచేసింది. 1974తో జీటీవో తొలి శకం ముగిసింది. 1975లో అమెరికా ప్రభుత్వం కార్ల మైలేజీకి ప్రమాణాలను విధిస్తూ చట్టం చేసింది. జపాను చిన్నకార్లు ఆ దేశపు వీథులలోకి వెల్లువలా వచ్చాయి. అయితే కారు మీద ప్రేమ మాత్రం అంతరించలేదు, దారి మార్చుకుంది. 1976లో జర్మనీ నుండి వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ, 1.6 లీటర్ల చిన్న యంత్రంతోనే వేగాన్ని ఆనందించవచ్చునని నిరూపించింది. బరువు తగ్గితే బలం పెరిగినట్లేనని కార్ల ప్రియులు గ్రహించారు.

నేటి కార్ల ప్రియులకు మరొక చిక్కు ఎదురయింది. పెట్రోలులో ఇథనాలు కలపడం వలన దిగుమతులు తగ్గుతాయి, చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ పెరుగుతుంది. 2025లో మన దేశం 20 శాతం మిశ్రమాన్ని సాధించింది. కాని ఇథనాలులో శక్తి పెట్రోలు కంటే సుమారు మూడవ వంతు తక్కువ. ఈ మిశ్రమానికి అనుగుణంగా తయారుకాని పాత కార్లలో మైలేజీ 6 నుండి 7 శాతం తగ్గవచ్చునని 2021లో నీతి ఆయోగ్ నివేదికే పేర్కొన్నది. లీటరు ధర 110 రూపాయల వద్ద కదలకుండా ఉన్నా, మైలేజీ 6 శాతం తగ్గితే ఆ వాహనదారునికి అది 117 రూపాయలతో సమానం. అందువలన లీటరు ధరను మాత్రమే చూడటం చాలదు, కిలోమీటరు ధరను కూడా లెక్కించాలి.

మన చేతిలో ఉన్న ఉపాయాలు కొన్ని ఉన్నాయి. చక్రాలలో గాలి సరిగా ఉంచడం, ఎక్కువసేపు ఆగవలసిన కూడలిలో యంత్రాన్ని ఆపివేయడం, అనవసరపు బరువును దించడం వంటివి అందరూ ఆచరించదగినవి. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలవుతుంది. కనుక గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల నిలకడైన వేగం ఇంధనాన్ని ఆదా చేస్తుంది. యంత్రం మర్మం తెలిసిన కార్ల ప్రియులు ఈ విషయాలను ఇరుగుపొరుగువారికి నేర్పితే వారి విద్య సార్థకమవుతుంది.

అయితే పొదుపు నేర్పినంత మాత్రాన సమస్య తీరదు. రోజుకు రెండు లీటర్లు తప్పనిసరి అయిన యువకుడు ఎంత పొదుపు చేసినా కొన్ని రూపాయలే మిగులుతాయి. అతనికి కావలసినవి ఇంధన ధరతోపాటు పెరిగే కూలి, విద్యుత్తు బండి కొనడానికి అందుబాటులో ఉండే అప్పు. అతని వలె నిత్యం ప్రయాణించేవారికి కావలసినది సమయానికి వచ్చే బస్సు. 2017 నవంబరులో హైదరాబాదులో ప్రారంభమైన మెట్రో రైలు వంటి సౌకర్యాలు ఆ దిశలో వేసిన అడుగులు. చిన్న పట్టణాలకు, పల్లెలకు కూడా అటువంటి ప్రత్యామ్నాయాలు చేరాలి. పెట్రోలు మీద పన్ను వసూలు చేసే ప్రభుత్వాలు ఆ ధనంలో కొంత భాగాన్ని, ఆ పన్నును తప్పించుకోలేనివారి ప్రయాణానికి వెచ్చించడం న్యాయం.

ప్రశ్నలు

1. పెట్రోలు ధర ఏర్పడే విధానాన్ని వివరించండి.
2. 'ధర ఒకటే కావడం వేరు, భారం ఒకటే కావడం వేరు' అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.
3. 1973 నాటి చమురు సంక్షోభం కార్ల తయారీలో తెచ్చిన మార్పులను తెలపండి.
4. మీ ఇంటి వాహనానికి కిలోమీటరుకు ఎంత ఖర్చవుతున్నదో లెక్కించి, దానిని తగ్గించే మార్గాలను పది వాక్యాలలో రాయండి.