పిల్లలకు లైంగిక విద్య: ఎవరి బాధ్యత?



ఎదుగుతున్న బిడ్డ తన శరీరంలోని మార్పును గూర్చి అడిగితే మనలో చాలామంది "పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే" అని మాట దాటవేస్తాము. నేడు కోకాపేట వంటి చోట్ల తల్లి, తండ్రి ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళి, పొద్దుపోయాక ఇల్లు చేరతారు. బిడ్డ చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది. మనం చెప్పనిది అది చెబుతుంది; ప్రేమ లేకుండా, మర్యాద లేకుండా చెబుతుంది.

మన దేశంలో

2005లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలల కోసం కౌమార విద్యా కార్యక్రమాన్ని రూపొందించింది. ఆనాడు ఎయిడ్స్ బెడద ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే 2007లో మహారాష్ట్ర, కర్ణాటక మొదలగు రాష్ట్రాలు ఆ పాఠాలను వ్యతిరేకించాయి. నెల్లూరు జిల్లాకు చెందిన శ్రీ ఎం. వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ అర్జీల సంఘం 2009లో పాఠశాలలలో లైంగిక విద్య వద్దని నివేదించింది. బడిలో వద్దన్నాము సరే, మరి ఇంటిలో ఎవరు చెబుతున్నారు?

హాలెండు అనుభవం

హాలెండు దేశం వేరొక దారిన నడిచింది. ఒకప్పుడు అక్కడి క్రైస్తవ కుటుంబాలలోనూ మౌనమే ఉండేది. 1960ల తరువాత ఆ మౌనం తొలగింది. 2012 నుండి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలు ఈ విషయాన్ని తప్పక బోధించాలి. చిన్న వయసులో తల్లులయ్యే బాలికలు అతి తక్కువగా ఉన్న దేశాలలో అది ఒకటి. అక్కడి గర్భనిరోధక బోధనను, పెళ్ళికి ముందు సంబంధాలను అనుమతించడాన్ని శ్రీసభ అంగీకరించదు. కాని తల్లిదండ్రులు బిడ్డలతో దాపరికం లేక మాట్లాడే అలవాటు మనం నేర్చుకొనదగినదే.

శ్రీసభ బోధ

బిడ్డల వయసుకు తగినట్లు వివేకంతో కూడిన లైంగిక విద్య ఇవ్వాలని రెండవ వాటికన్ మహాసభ 1965లోనే కోరింది. ఇది తల్లిదండ్రుల హక్కు, బాధ్యత అని రెండవ జాన్ పాల్ జగద్గురువులు 1981లో స్పష్టం చేశారు. బడిలో నేర్పినా అది వారి పర్యవేక్షణలోనే జరగాలన్నారు. 2016లో ఫ్రాన్సిస్ జగద్గురువులు కూడా లైంగిక విద్య అవసరమని, దానిని ప్రేమను నేర్పే విద్యలో భాగంగా ఇవ్వాలని బోధించారు.

ఎలా చెప్పాలి?

1. తల్లి కుమార్తెకు, తండ్రి కుమారునికి, మార్పులు రాకముందే చెప్పాలి.

2. శరీరం పవిత్రాత్మకు ఆలయమని పౌలుగారు కొరింతీయులకు వ్రాశారు. కనుక సిగ్గుపరచక, గౌరవంతో మాట్లాడాలి.

3. ఎవరైనా తప్పుగా తాకితే వెంటనే చెప్పమనాలి. చెప్పిన బిడ్డను నిందించరాదు. 18 ఏండ్లలోపు వారిని రక్షించడానికి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. 1098 నంబరుకు ఫోను చేయవచ్చు.

4. శీలమంటే భయం కాదు, నిజమైన ప్రేమకు సిద్ధపాటు అని తెలపాలి.

కుటుంబంలో ఆలోచించండి

మన బిడ్డకు సందేహం కలిగితే మొదట ఎవరి వద్దకు వెళుతుంది? మన వద్దకు రావడానికి జంకుతుంటే, ఆ జంకు పోగొట్టడానికి ఈ వారం మనం ఏమి చేయగలం?