ఆలయము నూడ్చు నగరము

‘నియోకొరోస్’ అనునది గ్రీకు పదము. ఆలయము నూడ్చువాడని దానికి వ్యుత్పత్తి చెప్పుదురు. వ్యవహారమున ఆలయపాలకుడని యర్థము. ఇట్టి పదమును నగరములే బిరుదముగా ధరించి నాణెములపై ముద్రించుకొనినవి.

రోమక సామ్రాజ్యమునకు లోబడిన ఆ నగరములలో పెక్కు నేటి తుర్కీ దేశమున నున్నవి. వాని కంచు నాణెములపై ఒకవైపు చక్రవర్తి శిరస్సు, రెండవవైపు తరచుగా నగరదేవతయో, ఆలయమో కానవచ్చును. ఎఫెసస్ దేవత అర్తెమిస్. ఆమె స్తంభమువలె నిటారుగా నిలిచి, ఇరుప్రక్కల లేళ్లతో దర్శనమిచ్చును. నీరో చక్రవర్తి కాలమున, సా.శ. 65–66లో, ఎఫెసస్ ఈ బిరుదమును నాణెమున కెక్కించెను.

వైష్ణవులకు ఈ మాట వినసొంపుగనే యుండును. సమ్మార్జనము భగవత్కైంకర్యము కదా! పూరీక్షేత్రమున రథయాత్రనాడు గజపతి మహారాజు బంగారు పిడి చీపురుతో రథములను ఊడ్చును.

అయితే నాణెములను వరుసగా పరికించినచో వేరొక సంగతి బయటపడును. హేడ్రియను కాలమున ఎఫెసస్ ‘రెండుమార్లు నియోకొరోస్’. ఎలగబలుసు కాలమున (218–222) నాల్గుమార్లు. ఈ లెక్క ప్రధానముగా చక్రవర్తుల పేర వెలసిన గుడులది. రోము అనుమతి లేనిదే పెరుగదు. స్మిర్నా, పెర్గమము నగరములును ఇదే పోటీలో మునిగినవి. మనుజునకు గుడి గట్టి, అందలి ఊడిగమును పొరుగూరితో పోల్చి లెక్కించుకొనుట కైంకర్యమనిపించుకొనదు. ఎలగబలుసు హతుడైన పిమ్మట ఎఫెసస్ లెక్క మరల మూటికి దిగెను.

నాలుగు గుడులను ఒక్కచోట చూపు ఎఫెసస్ నాణెములు నేటికిని గలవు. ఒక గుడిలో అర్తెమిస్. తక్కిన మూటను చక్రవర్తులు.