హోమ్ ప్లేట్ దగ్గర గుద్దుకోకుండా ఆడడం ఎలా?

మా అమ్మాయి అమెరికాలో పన్నెండేళ్ల లోపు పిల్లల సాఫ్ట్‌బాల్ జట్టులో చేరిన మొదటి సంవత్సరం. ఒక శనివారం రెండో బేస్ మీద ఉంది. బంతి అవుట్‌ఫీల్డ్‌లో పడగానే మూడో బేస్ చుట్టి హోమ్ ప్లేట్ వైపు పరుగు తీసింది. నేను మడతకుర్చీలోంచి లేచి, కంచె పట్టుకుని, "ఆగకు తల్లీ, తోసుకుంటూ వెళ్లిపో!" అని తెలుగులో గట్టిగా అరిచాను. నా మాట విననిదల్లా ఆ ఒక్కరోజూ వింది. అప్పటికే బంతి పట్టుకుని నిలబడి ఉన్న క్యాచర్‌ను నిలువునా గుద్దింది. ఇద్దరూ కింద పడ్డారు. బంతి జారి దొర్లింది. బంతి జారింది కాబట్టి సేఫ్ అనుకుని నేను చప్పట్లు కొడుతుంటే, అంపైర్ "అవుట్" అన్నాడు. ఆయనతో వాదించాను కూడా. ఆ రాత్రి నియమాల పుస్తకం చదివితే గానీ తెలియలేదు, నేనెంత తెలివితక్కువగా వాదించానో.

మనం కబడ్డీ, క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లం. కబడ్డీలో పట్టుకోవడమే ఆట. క్రికెట్‌లో రనౌట్ అంటే వికెట్లు పడగొడితే చాలు, మనిషి జోలికి పోనక్కర్లేదు. సాఫ్ట్‌బాల్ ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. పరుగెత్తే పిల్లను బంతితో తాకాలి, కానీ ఒంటితో అడ్డగించకూడదు, గుద్దకూడదు. కొత్తగా పిల్లల్ని ఈ ఆటలో చేర్పించినవాళ్లు అక్కడే తికమకపడతారు. వాళ్ల కోసమే ఇది.

1. ముందు ప్లేట్ ఎంతుంటుందో చూపించండి

హోమ్ ప్లేట్ అయిదు మూలల తెల్ల రబ్బరు పలక. పిచర్‌కు ఎదురుగా ఉండే అంచు 17 అంగుళాలు. మన ఇళ్లలో భోజనానికి వేసుకునే పీట అంత. 60 అడుగుల దూరంలోని మూడో బేస్ నుంచి ఒక పిల్ల దాని మీదికి దూసుకొస్తుంది. అదే పీట దగ్గర క్యాచర్, వెనక అంపైర్, పక్కన ఎవరో పారేసిన బ్యాట్. మొదటి బేస్ దగ్గర కాళ్లు తగలకుండా చాలా లీగుల్లో తెల్లదొకటి, నారింజ రంగుదొకటి జంటగా పెడతారు. పిల్లల ఆటలో హోమ్ దగ్గర ఆ ఏర్పాటు ఉండదు.

ఇంటి ముందు సిమెంటు మీద సుద్దముక్కతో ఆ బొమ్మ గీయండి. మీరు క్యాచర్‌లా నిలబడి, మీ అమ్మాయిని నడుస్తూ వచ్చి మిమ్మల్ని తగలకుండా కాలు మోపమనండి. చోటు ఎక్కడుందో పిల్లకు ముందు కళ్లకు తెలియాలి.

2. బంతి ఎవరి దగ్గరుందో అడగడం అలవాటు చేయండి

నియమాలన్నీ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. క్యాచర్ చేతిలో బంతి లేదా? అయితే ఆమె దారికి అడ్డం నిలబడకూడదు. ఒకప్పుడు బంతి రాబోతుంటే నిలబడినా ఒప్పుకునేవాళ్లు. ఇప్పుడు బంతి చేతిలో ఉండాల్సిందే. అడ్డుకుంటే అంపైర్ ఎడమ చేయి పక్కకు చాచి పిడికిలి బిగిస్తాడు. ఆట ఆపడు, చివర్లో రన్నర్‌కు దక్కాల్సిన బేస్ ఇస్తాడు. "అడ్డం నిలబడితే చూడలేదేంటి?" అని మనం ఇక్కడ గోల పెడుతుంటాం. ఆయన చేయి అప్పటికే చాచి ఉంటుంది. ముందు ఆ ఎడమ చేతిని చూడడం నేర్చుకోండి, సగం గొడవలు తగ్గుతాయి.

బంతి క్యాచర్ చేతిలో ఉందా? అయితే జాగ్రత్త పడాల్సింది రన్నర్. కావాలని నిలువునా వచ్చి గుద్దితే అవుట్. గుద్దిన దెబ్బకు బంతి జారిపోయినా అవుటే. మరీ మొరటుగా గుద్దితే ఆ పిల్లను ఆట నుంచి పంపించేస్తారు. క్యాచర్ బంతి లేకుండా అడ్డం నిలబడ్డా సరే, కక్షకొద్దీ గుద్దే హక్కు రన్నర్‌కు రాదు. హైస్కూలు నియమాల్లో అయితే అలాంటప్పుడు అడ్డుకున్న తప్పు కంటే గుద్దిన తప్పే పైచేయి అవుతుంది.

"జారి తీరాలి" అని చాలామంది తల్లిదండ్రులు నమ్ముతారు. అది నిజం కాదు. జారవచ్చు, చుట్టూ తిరిగి చేత్తో ప్లేట్‌ను తాకవచ్చు, ఆగి వెనక్కి మళ్లవచ్చు. బంతితో తాకడాన్ని (ట్యాగ్) తప్పించుకోవడానికి తన దారి నుంచి 3 అడుగులు దాటి పక్కకు పోతే మాత్రం అవుట్. లిటిల్ లీగ్‌లో 12 ఏళ్ల స్థాయి వరకు ముందుకెళ్లేటప్పుడు తల ముందు పెట్టి దూకడం కూడా అవుటే.

ఇక్కడ నాన్నలకు ఒక మాట. పాత బేస్‌బాల్ వీడియోలు పిల్లలకు చూపించకండి. 1970 ఆల్‌స్టార్ ఆటలో పీట్ రోజ్ క్యాచర్ రే ఫాసీని పడగొట్టి గెలుపు పరుగు తీసిన దృశ్యాన్ని పౌరుషానికి గుర్తుగా ఇప్పటికీ చూపిస్తుంటారు. అది ఉత్సవానికి ఆడే ఆట, ఫాసీకి భుజం దెబ్బతింది. 2011లో బస్టర్ పోసీ అనే క్యాచర్ కాలు హోమ్ ప్లేట్ దగ్గరే విరిగింది. 2014లో ఆ పెద్దల బేస్‌బాల్ లీగే నియమం మార్చుకుంది. పెద్దవాళ్లే మానేసిన పనిని పదేళ్ల పిల్లకు నేర్పడం దేనికి?

3. జారడం ఇంట్లోనే నేర్పండి

జారడం రాని పిల్ల భయంతో నిలువునా వస్తుంది. ఎక్కువ గుద్దుళ్లు పొగరు వల్ల కాదు, ఈ భయం వల్లే జరుగుతాయి. అందుకే కాస్త ఓపిగ్గా నేర్పండి.

పచ్చికలో టార్పాలిన్ పరిచి గొట్టంతో నీళ్లు కొట్టండి. బూట్లు విప్పించి సాక్సుల మీద ఉంచండి. ముందు కూర్చోబెట్టండి. ఒక కాలు మడిచి రెండో మోకాలి కిందకు పెట్టాలి, రెండో కాలు ముందుకు చాచాలి. పైనుంచి చూస్తే అంకె 4 లాగా కనిపించాలి. చాచిన కాలి వేళ్లు పైకి ఉండాలి, మడమ నేలలో దిగబడితే చీలమండ తిరుగుతుంది. గడ్డం రొమ్ముకు ఆనించాలి, రెండు చేతులూ పైకి. చేతులు కింద ఆనిస్తే మణికట్టుకు దెబ్బ. దీన్ని కదలకుండా పదిసార్లు చేయించాక, నాలుగడుగులు పరుగెత్తి కూర్చోమనండి. ఎగరకూడదు, జారగిలాలి.

మా అమ్మాయి మొదట్లో టార్పాలిన్ దగ్గరకొచ్చి ఆగిపోయేది. "నాన్నా, కింద పడతానేమో" అనేది. పడడమే కదా తల్లీ ఇక్కడ పని అన్నాను. వాళ్లమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపి ముందు తను జారి చూపించింది. ఆ తర్వాత పిల్లను లోపలికి రప్పించడమే కష్టమైంది.

మైదానంలో ప్లేట్‌కు రెండు మూడు అంగల ముందే మొదలుపెట్టాలి. ఆలస్యంగా మొదలుపెట్టిన స్లైడ్ తన్ను అవుతుంది.

4. క్యాచర్‌కు నిలబడే చోటు నేర్పండి

క్యాచర్ ప్లేట్ ముందు నిలబడాలి. మూడో బేస్ వైపు అంచు రన్నర్‌కు కనిపించాలి. బంతి మిట్‌లో (క్యాచర్ చేతి తొడుగులో) పడ్డాకే ఆ వైపు తిరగాలి. బంతిని మిట్‌లో రెండో చేత్తో పట్టి ఉంచి, మిట్ వెనక భాగం రన్నర్ వైపు పెట్టి, కాళ్ల దగ్గర తాకించి వెంటనే పక్కకు తొలగాలి. మోకాలు దారిలో వేసి కూర్చోవడం చూడ్డానికి ధైర్యంగా ఉంటుంది, ఆ మోకాలి మీదికే ఎదుటి పిల్ల బూటు వస్తుంది. ముసుగు మాత్రం తీయనివ్వకండి.

బేసులన్నీ నిండి ఉన్నప్పుడు బ్యాటర్ బంతిని నేల మీదికి కొడితే ఈ తంటాయే లేదు. బంతి పట్టుకుని ప్లేట్ మీద కాలు పెడితే చాలు, రన్నర్ అవుట్. ఇది తెలియక పరుగెత్తుకెళ్లి తాకబోయే పిల్లలు ప్రతి జట్టులో ఉంటారు.

5. అసలు ప్రమాదం పిచర్‌కు

ఎవరూ చెప్పని విషయం ఇది. చిన్నపిల్లల ఆటలో అవుట్‌ఫీల్డ్ నుంచి బంతి వచ్చి హోమ్ దగ్గర గుద్దుకోవడం అరుదు. తరచూ జరిగేది వేరు. పిచర్ వేసిన బంతి క్యాచర్‌ను దాటి వెనక కంచెకు పోతుంది. ముసుగు, ఛాతీ కవచం, కాళ్ల తొడుగులు ఉన్న క్యాచర్ బంతి కోసం వెనక్కి పరుగెడుతుంది. ఆ కవచాలేవీ లేని పిచర్ ప్లేట్ కాపలాకు ముందుకు పరుగెత్తుతుంది. మూడో బేస్ మీదున్న పిల్ల ఇంటిబాట పడుతుంది. ముగ్గురూ ఒకేసారి చేరేది ఆ పీట దగ్గరికే.

పిచర్‌కు ఇదే పనిగా నేర్పాలి. ప్లేట్ ముందు, మొదటి బేస్ వైపుకు ఒదిగి నిలబడాలి. మోకాళ్ల మీద కూలబడకూడదు. క్యాచర్ చేతి కింది నుంచి మెల్లగా బంతి అందించాలి. అందకపోతే పరుగు పోనివ్వాలి. తర్వాత ఆడాల్సిన బ్యాటర్‌కు కూడా పనుంది. ప్లేట్ వెనక నిలబడి రెండు చేతులూ కిందికి చూపిస్తే "జారు" అని, పైకెత్తితే "నిలబడే రా" అని రన్నర్‌కు అర్థం. వీలుంటే కింద పడున్న బ్యాట్‌ను రన్నర్ రాకముందే తీసేయాలి.

6. కింద పడ్డాక

ఎంత నేర్పినా ఒక్కోసారి తగులుతుంది. అప్పుడు లేపడానికి పరుగెత్తకండి, కోచ్ వెళ్తాడు. మైదానంలో మిగతా పిల్లలు ఉన్నచోటే ఒక మోకాలి మీద కూర్చుంటారు. మొదటిసారి చూసినప్పుడు దండం పెడుతున్నారేమో అనుకున్నాను. పడిన పిల్ల లేచేదాకా అలా ఉండడం ఇక్కడి మర్యాద. తలకు దెబ్బ తగిలి ఏ మాత్రం తేడాగా ఉన్నా ఆ రోజుకు ఆట బంద్. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ దీనికి చట్టాలున్నాయి, 2009లో వాషింగ్టన్ రాష్ట్రం మొదలుపెట్టింది. "ఏం కాలేదు, ఆడనివ్వండి" అని మీరు కోచ్‌ను బతిమాలకండి.

ఆ వాషింగ్టన్ రాష్ట్రంలోనే 2008 ఏప్రిల్ 26న ఒక కాలేజీ సాఫ్ట్‌బాల్ ఆట జరిగింది. వెస్టర్న్ ఒరెగాన్ జట్టులో సారా టుకోల్‌స్కీ తన జీవితంలో మొదటి హోమ్ రన్ కొట్టింది. మొదటి బేస్ తాకడం మరిచి వెనక్కి తిరగబోతే మోకాలు మడతపడి కూలిపోయింది. సొంత జట్టువాళ్లు ముట్టుకుంటే అవుట్ అన్నారు అంపైర్లు. అప్పుడు ప్రత్యర్థి సెంట్రల్ వాషింగ్టన్ అమ్మాయిలు మాలరీ హోల్ట్‌మన్, లిజ్ వాలెస్ ఆమెను ఎత్తుకుని, ప్రతి బేస్ దగ్గరా ఆగి ఆమె కాలు తాకించి హోమ్ దాకా మోసుకొచ్చారు. ఆ ఆట వాళ్లు 4-2తో ఓడిపోయారు. మీ అమ్మాయికి వీడియో చూపించాలనుకుంటే దీని గురించి వెతకండి.

7. కంచె ఇవతల

పిల్ల పేరు, "బాగా ఆడావు", ఈ రెండూ చాలు. ఎటు పరుగెత్తాలో, ఎలా వెళ్లాలో చెప్పడానికి మూడో బేస్ దగ్గర కోచ్ ఉన్నాడు. తెలుగులో అరిస్తే ఎవరికీ తెలియదులే అని మాత్రం అనుకోకండి.

మొదట చెప్పిన ఆట అయిపోయాక రెండు జట్లూ వరసగా నిలబడి చేతులు కలుపుకున్నాయి. మా అమ్మాయి ఆ క్యాచర్ దగ్గర ఆగి ఏదో చెప్పింది, బహుశా సారీ అయి ఉంటుంది. నేను బ్యాగు మోస్తూ బయటికి వస్తుంటే ఆ పిల్ల ముసుగు చంకలో పెట్టుకుని ఎదురొచ్చింది. మోచేయి గీసుకుపోయి ఉంది.

"అంకుల్, నాకు తెలుగు వచ్చు" అంది.

వాళ్లమ్మ వెనకే ఉన్నారు. ఏం మాట్లాడాలో తోచక, ఏ ఊరండీ మీది అని అడిగాను. తెనాలి అన్నారు. మాది దుగ్గిరాల.