పాల బండిలో మాడు వాసన: క్లచ్చా? గేరు ఆయిలా?



పొదుగు నుండి వచ్చిన పాలు వెచ్చగా వుంటాయి. వాటిని ఎంత త్వరగా 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చితే అంత మేలు. దారిలో పికప్ బండి ఆగిపోతే రిపేరు ఖర్చు బండి యజమాని పెట్టుకోవచ్చు గాని, విరిగిన పాల నష్టం మనందరిదీ. రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో పాల బండ్లు బొగ్గు లారీల వెంట దుమ్ములోను, ఎండలోను నడవాలి. కావున బండి నుండి మాడు వాసన వస్తే ఏమి చూడాలో ప్రతి సంఘమూ తెలుసుకొని వుండాలి.

ముందుగా ఒక సంగతి. అమెరికా వంటి దేశాలలో చాలా పికప్‌లకు గేరు దానంతట అదే మారుతుంది. వాటిలోని ఎర్రని ఆయిల్ మాడితే గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరుగుతుంది. మన పాల బండ్లు చాలావరకు చేతితో గేరు మార్చేవి. వీటిలో మాడు వాసన వస్తే మొదట అనుమానించవలసినది క్లచ్ ప్లేటును.

క్లచ్ పరీక్ష: ఎత్తు ఎక్కిన తర్వాత కాగితం కాలినట్లు వాసన వస్తున్నదా? ఇంజను మోత పెరిగినా బండి వేగం పెరగడం లేదా? అయితే బండిని చదునైన నేలపై నిలిపి, చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయాలి. ముందు, వెనుక ఎవరూ నిలబడరాదు. మూడవ గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదలాలి. ఇంజను ఆగిపోతే క్లచ్ పట్టు వున్నట్లు. ఆగకుండా తిరుగుతూనే వుంటే క్లచ్ జారుతున్నట్లు. ఈ పరీక్ష ఒక్కసారే చేయాలి.

గేరు ఆయిల్ పరీక్ష: ఇంజను ఆపి, గేరు బాక్సు గోరువెచ్చగా వున్నప్పుడు ప్రక్కనున్న ఫిల్లర్ ప్లగ్ విప్పి వ్రేలు పెట్టి చూడాలి. సాధారణంగా ఆయిల్ రంధ్రం అంచు వరకు వుండాలి. కొత్త గేరు ఆయిల్‌కు సహజంగానే గంధకపు ఘాటు వుంటుంది. దానిని మాడు వాసనగా పొరబడరాదు.

- నల్లబడి, మాడు వాసన వేస్తే: ఎక్కువ వేడి తగిలింది.
- మజ్జిగలా తెల్లబారితే: నీరు చేరింది.
- డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి మెత్తని పొడి అంటుకుంటే: మామూలు అరుగుదల.
- ఇనుప ముక్కలు వస్తే: బండి నడపక, గేరు బాక్సు విప్పించాలి.

కారణం వెతకాలి: పొదుగువాపు వచ్చిన గేదె పాలు పారబోసినంత మాత్రాన గేదెకు నయం కాదు. అలాగే నల్లబడిన ఆయిల్ మార్చినంత మాత్రాన గేరు బాక్సు బాగుపడదు. మన ప్రాంతంలో ముఖ్యంగా రెండు చూడాలి. మొదటిది, గేరు బాక్సు పైనున్న బ్రీదర్. బొగ్గు దుమ్ముతో ఇది పూడుకుపోతే లోపలి గాలి వేడికి ఒత్తిడి పెంచి, సీళ్ల గుండా ఆయిల్‌ను బయటకు నెడుతుంది. ఆయిల్ తగ్గితే పళ్లు, బేరింగులు వేడెక్కుతాయి. రెండవది అధిక బరువు. 40 లీటర్ల క్యానులో పాలే సుమారు 41 కిలోలు. 30 క్యాన్లకు పాలే 1,230 కిలోలు దాటుతాయి. క్యాన్ల బరువు వేరు. ఆర్.సి.లో వున్న మొత్తం బరువు నుండి ఖాళీ బండి బరువు తీసివేస్తే ఎంత ఎక్కించవచ్చో తెలుస్తుంది.

ఆయిల్ మార్చే పద్ధతి: ముందు ఫిల్లర్ ప్లగ్ వదులయినదని చూసుకొని, తర్వాతే డ్రెయిన్ ప్లగ్ విప్పాలి. లేనిచో పాత ఆయిల్ పోయి, కొత్తది పోయడానికి దారి వుండదు. కారే సీలు మార్చి, బ్రీదర్ శుభ్రం చేసి, బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. జి.ఎల్.-4 అని వుంటే జి.ఎల్.-5 పోయరాదు, కొన్ని జి.ఎల్.-5 ఆయిళ్లు లోపలి ఇత్తడి రింగులకు పడవు. వారం తర్వాత మరల కారుతున్నదేమో చూడాలి.

డ్రైవరుకు సూచన: బొగ్గు రైలు కోసం గేటు వద్ద ఆగినప్పుడు గేరు న్యూట్రల్‌లో వుంచి, క్లచ్ మీద నుండి కాలు తీయాలి. హాఫ్ క్లచ్‌తో బండిని నిలుపుకొంటే క్లచ్ ప్లేటు మాడుతుంది.

బండి ఆగిపోతే: క్యాన్లను నీడకు చేర్చి, తడి గోనెసంచులు కప్పి, శీతలీకరణ కేంద్రానికి వెంటనే ఫోను చేయాలి. వేరే బండి వచ్చేవరకు మూతలు తీయరాదు. పాలు నిలవాలని సోడా కలపడం కల్తీయే అవుతుంది.

పాలు వాసనను త్వరగా పట్టుకుంటాయి. కావున ఆయిల్ డబ్బాను క్యాన్ల దగ్గర పెట్టరాదు. పాత ఆయిల్‌ను పశువుల గాయాలకు పూయరాదు, గడ్డి మీద పోయరాదు.

ఆయిల్ మార్చిన తేదీ, కిలోమీటర్లు సంఘ పుస్తకంలో వ్రాయించండి. వచ్చే కమిటీ సమావేశంలో మీ పాల బండి బ్రీదర్ ఎప్పుడు శుభ్రమైనదో అడగండి. ఆ ప్రశ్న అడిగే హక్కు పాలు పోసే ప్రతి సభ్యునికీ వుంది.