మండోర్ ఎదుట మౌనం

సమస్య

పామాయిల్ తోటలో కోత గుంపును నడిపే మేస్త్రీని మలేషియాలో మండోర్ అంటారు. పెరాక్ రాష్ట్రంలో, బెర్నామ్ నది ఒడ్డున ఉన్న హుటాన్ మెలింటాంగ్ దగ్గరి ఒక తోటలో ఆ పని చేస్తున్న తెలుగు యువకుడి సమస్య ఇది. తాతా తండ్రీ తోట పనిలోనే బతికారు. ఇప్పుడతని గుంపులో తండ్రి తోటివారు ఇద్దరు, ఇండోనేషియా, బంగ్లాదేశ్ కూలీలు కొందరు ఉన్నారు. పొద్దున హాజరు వేళ అతను చెప్పేది అందరూ తలొంచుకుని వింటారు, ఎవరూ ఎదురు చెప్పరు. అయినా మిల్లులో గెలలు చూసేటప్పుడు పచ్చివి దొరుకుతూనే ఉన్నాయి. మేనేజరు చేత మాట పడేది అతనే. పైగా, బాబాయి అని పిలుచుకునే పెద్దాయన ఈమధ్య వేరే గుంపుకు వెళ్ళిపోతానంటున్నాడు. తాను కోపిష్ఠిని కాననీ, పని దగ్గర మాత్రమే కచ్చితంగా ఉంటాననీ అతని నమ్మకం. లోపం ఎక్కడుందో అంతుపట్టడం లేదు.

సలహా

ఎదురుమాట లేకపోవడాన్ని అతను క్రమశిక్షణ అనుకుంటున్నాడు. లోపం అక్కడే ఉంది.

గెల పండిందనడానికి గుర్తు చెట్టు కింద రాలిన పండ్లు. అవి చూడకుండా గడకొడవలి వేస్తే పచ్చిగెల పడుతుంది, దాంట్లో నూనె తక్కువ. పొరపాటు జరిగిందని కోసినవాడికి అప్పుడే తెలుస్తుంది. కానీ "ఎవడు కోశాడిది?" అన్న కేకకు భయపడే గుంపులో ఆ గెల కుప్ప మధ్యలోకి పోయి, చివరికి మిల్లులో బయటపడుతుంది. మేనేజరు మండోర్‌ను కేకలేస్తాడు, మర్నాడు మండోర్ గొంతు ఇంకాస్త పెరుగుతుంది. దాంతో కుప్ప మధ్యలో చేరే గెలలూ పెరుగుతాయి.

ఆ కేక అతను కొత్తగా నేర్చింది కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి తెలుగువాళ్ళు మలయాకు వలస వెళ్ళిన కాలంలో, కంగాణి పద్ధతిలో కూలీలను తెచ్చేదీ పని చేయించేదీ ఒక్కడే. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను ఆపించినా కంగాణి అదిలింపు మాత్రం తోటల్లో మిగిలింది. చిన్నప్పటినుంచీ విన్న గొంతు కనుక అతనికది మామూలుగానే తోస్తుంది.

అందుకే తన్ను తాను తెలుసుకోవడం అంటే ఒంటరిగా కూర్చుని ఆలోచించడమే కాదు. 1955లో జోసెఫ్ లుఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే మనస్తత్వవేత్తలు జోహారీ కిటికీ అనే పటం గీశారు. ఎదుటివారికి కనిపిస్తూ మనిషికి తనలో తనకు కనిపించని భాగానికి అందులో ఒక గది ఉంది. ఇతరులు చెబితే తప్ప అది తెరుచుకోదు. పరిశోధకురాలు తాషా యూరిక్ 2018లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, తమ గురించి తమకు బాగా తెలుసునని ఎక్కువమంది నమ్ముతారు, నిజంగా తెలిసినవారు నూటికి పది, పదిహేను మందే. అధికారం పెరిగేకొద్దీ నిజం చెప్పేవారు తగ్గుతారు గనుక ఈ ప్రమాదం పైవాళ్ళకే ఎక్కువ.

కాబట్టి ముందు అడగవలసింది పెద్దాయన్నే. హాజరు దగ్గర, పదిమంది ఎదుట కాదు, సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి. "నేను మంచివాణ్ణేనా?" అంటే మర్యాద కోసం తలూపుతారు. "బాబాయి, పచ్చిగెల దొరికినప్పుడు నేనెలా మాట్లాడుతున్నాను? ఏం మార్చుకోవాలి?" అంటే జవాబు వస్తుంది. అది ఎంత చేదుగా ఉన్నా మధ్యలో సమర్థించుకోకూడదు. పరదేశపు కూలీలు ముఖాన చెప్పరు, వాళ్ళ బతుకుతెరువు ఆ పని మీదే ఉంది. వాళ్ళకు మాటకంటే నడవడికే నమ్మకం కలిగిస్తుంది. పచ్చిగెలను తానే తెచ్చి చూపిన మొదటి మనిషిని అందరిముందూ మెచ్చుకోవాలి. పచ్చిగెలకు కూలి కోసే నియమం తోటలో ఉంటే, దాని గురించి మేనేజరుతో మాట్లాడడం మండోర్ బాధ్యత. అంత భారం కూలీ మీద వేసి నిజాయితీ ఆశించడం న్యాయం కాదు.

ఇలా చేసిన తొలి రోజుల్లో పచ్చిగెలల లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది, ఇన్నాళ్ళూ దాచినవి బయటికి వస్తాయి గనుక. అది చూసి మళ్ళీ గొంతు పెంచకూడదు.