సహజ జలాలలోని టేకు చేపలలో శారీరక వైకల్యాలు, వ్యాధి లక్షణాలు: క్షేత్ర పరిశీలన

చేప శరీరంపై కనిపించే ప్రతి వైకల్యమూ వ్యాధి కాదు. అట్లే, బాగా పెరిగిన చేప ఆరోగ్యంగా ఉన్నదని నిర్ణయించుటకూ వీలులేదు. టేకు చేపలపై జరిగిన పరిశోధనలు ఈ రెండు అంశాలనూ స్పష్టపరచుచున్నవి.

పుట్టుకతో వచ్చే లోపాలు

పిండదశలో టేకు చేప ఉరోవాజాలు ముందుకు పెరిగి తలతో కలిసిపోవుట వలన పళ్ళెం వంటి శరీరం ఏర్పడుతుంది. ఈ కలయిక అసంపూర్ణమైనచో తలకు ఇరువైపులా కొమ్ముల వంటి భాగాలు మిగిలిపోతాయి. ఇట్టి చేపలు పలు జాతులలో నమోదైనవి. ఇది అంటువ్యాధి కాదు. ఒక్క నమూనాను చూసి నీటి కాలుష్యమే కారణమని నిర్ధారించరాదు.

గాయాలు

తోక తెగుటకు, వాజపు అంచులు చిరుగుటకు వలలు, గాలాలు, పడవ మరలు, సొరచేపల దాడి కారణాలు కావచ్చును. సంగమ సమయంలో మగచేప ఆడచేప వాజాన్ని పంటితో పట్టుకొనుట వలన ఏర్పడే కాటు గుర్తులు సహజమైనవి.

గ్రాండ్ కేమన్ అనుభవం

కరీబియన్ సముద్రంలోని ఈ దీవి వద్ద జాలరులు చేపల వ్యర్థాలను పారవేసిన చోట టేకు చేపలు గుమికూడినవి. 1980ల నుండి పర్యాటకులు వాటికి స్క్విడ్ తినిపించుచున్నారు. సహజంగా ఒంటరిగా, రాత్రివేళ మేత వెదకే ఈ చేపలు పగలు గుంపులుగా తిరుగుట అలవరచుకొన్నవి. పర్యాటకులు లేని ప్రాంతపు చేపలతో పోల్చగా, వీటిలో పడవల వలన కలిగిన గాయాలు, పరస్పర కాట్లు, బాహ్య పరాన్నజీవులు అధికంగా ఉన్నవి. 2009లో ప్రచురితమైన రక్త పరీక్షల ఫలితాలలో హిమటోక్రిట్, సీరం ప్రోటీన్లు, యాంటీఆక్సిడెంట్ సామర్థ్యం తక్కువగా ఉన్నట్లు తేలినది. గాయాలు, పరాన్నజీవులు రెండూ ఉన్న చేపల రక్తంలో మార్పులు పర్యాటక ప్రాంతంలో మాత్రమే కనిపించినవి. అనగా మేత సమృద్ధిగా లభించినను రక్షణశక్తి తగ్గినది.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

ఒత్తుగా నాటిన పైరులో తెగులు ఉధృతిని అంచనా వేయునప్పుడు సరైన ఎడంతో నాటిన పొలాన్ని కూడా పరిశీలించుట మనకు తెలిసిన పద్ధతియే. చేపల విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. విశాఖపట్నం, కాకినాడ రేవులలో టేకు చేపలను పరిశీలించే విద్యార్థులు జాతి, లింగం, పరిమాణం, పట్టిన చోటు, గాయం పాతదా కొత్తదా అన్న వివరాలను ముందుగా నమోదు చేయవలెను. లోపం లేని చేపల సంఖ్యను సైతం వ్రాయవలెను. ఆ సంఖ్య లేనిదే లోపం ఎంత అరుదైనదో తెలియదు.